పదిహేడో హామీ

నివేదిక నూట పన్నెండు పేజీలు. అందులో కంపెనీ ఇచ్చిన హామీలు నలభై మూడు. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి లాయరమ్మ మొదటి హామీ దగ్గర మొదలుపెట్టింది. పదకొండుంపావుకి పదిహేడో హామీ దగ్గర ఆగింది.

ఆ కంపెనీ వాహనాల విడిభాగాలకి క్రోమియం పూత వేస్తుంది. పర్యావరణం, సమాజం, పాలన అనే మూడు విషయాల్లో ఏం చేసిందో, ఇక ముందు ఏం చేస్తుందో చెబుతూ ఏటా ఒక నివేదిక అచ్చు వేస్తుంది. అది చూసి సరుకు కొనేవాళ్లు కొంటారు, వాటాలు తీసుకునేవాళ్లు తీసుకుంటారు. అందులో ఒక్క మాట అబద్ధమని తేలినా వాళ్లలో ఎవరైనా కోర్టుకి వెళ్లొచ్చు. ఆ పరిస్థితి రాకుండా చూడటం లాయరమ్మ పని. పద్నాలుగేళ్లుగా అదే చేస్తోంది. “తగ్గిస్తాం” అని ఉన్నచోట “తగ్గించేందుకు కృషి చేస్తాం” అని మారుస్తుంది. అందుకని క్యాంటీన్‌లో ఆమెకి కృషి మేడమ్ అని పేరు. ఒకసారి ఆమె బల్ల మీద ఎవరో కాగితం పెట్టి వెళ్లారు: “మీ టీ పంపేందుకు కృషి చేస్తున్నాం.” దాన్ని ఆమె సొరుగులో దాచుకుంది.

ఆరేళ్ల కిందట ఆమె ఒక పద్ధతి పెట్టింది. ప్రతి హామీకీ ఒక బాధ్యుడు ఉండాలి, బాధ్యుడు లేని హామీని కొట్టెయ్యొచ్చు. శాఖ పేరు రాయకూడదు, మనిషి పేరు రాయాలి. శాఖ బోనెక్కదు, మనిషి ఎక్కుతాడు అని అప్పట్లో అందరికీ చెప్పింది. ఆ పేరు హామీల రిజిస్టరులో సిరాతో రాస్తారు. మార్చాలంటే పాత బాధ్యుడే అప్పగింత పత్రం మీద సంతకం పెట్టాలి, వేరే దారి లేదు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఖాళీ గడిని అవతలి లాయరు సాక్ష్యంగా వాడుకుంటాడు. ఇంకో నిబంధన కూడా పెట్టింది. హామీ తప్పే పరిస్థితి వస్తే బాధ్యుడు పైవాళ్లని అడగకుండానే నిలుపుదల నోటీసు ఇవ్వొచ్చు. బయటినుంచి వచ్చిన తనిఖీవాళ్లు ఆ నిబంధన చదివి తలలూపారు. ఆరేళ్లలో దాన్ని ఎవరూ వాడలేదు.

పదిహేడో హామీ ఇది: కర్మాగారం వెనక మూడు బావుల నీటిని ప్రతి నెలా మొదటి మంగళవారం పరీక్షిస్తాం. లీటరులో క్రోమియం యాభై మైక్రోగ్రాములు దాటితే పూత లైను ఆపి, ఆ నీళ్లు తాగేవాళ్లకి చెబుతాం.

లాయరమ్మ ఆ హామీకి సంబంధించిన ఫైలు తెప్పించింది. లోపల పన్నెండు చీటీలున్నాయి, నెలకి ఒకటి. ప్రతి చీటీ మీదా మూడు బావుల కొలతలు, తేదీ, సంతకం, టపా గది ముద్ర. మూడో బావి నలభై ఒకటితో మొదలైంది. తొమ్మిదో నెలకి యాభై ఒకటి. తర్వాత యాభై నాలుగు, యాభై ఎనిమిది, అరవై ఒకటి. నివేదికలో మాత్రం కొలతలన్నీ పరిమితి లోపలే ఉన్నాయని ఉంది. రాసినాయనకి ఫోన్ చేసింది. నిరుటి వాక్యమే పెట్టానన్నాడు. ఎప్పుడూ అదే కదండీ అన్నాడు.

కానీ ఆమె ఆగింది కొలతల దగ్గర కాదు, సంతకం దగ్గర.

సంతకం చుక్కల మాస్టారిది. ల్యాబ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసిన మనిషి. క్రోమియం ఉంటే నీటిని ఊదా రంగుకి తిప్పే రసాయనం వేసేటప్పుడు చుక్కలు పైకి లెక్కపెట్టేవాడు, పదకొండు దాకా. ఆ పేరు అలా వచ్చింది. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. ఇంటికి వెళ్తుంటే బస్సులో గుండె ఆగింది. సంతాప ప్రకటనలో మాటలు సరిచూసింది లాయరమ్మే. అందులో ఏ మాటా మార్చలేదు.

ఆమె రిజిస్టరు తెరిచింది. పదిహేడో వరసలో బాధ్యుడి గడిలో ఆయన పేరే ఉంది. జీతాల జాబితాలోంచి, గేటు కార్డుల్లోంచి, ఫోన్ పుస్తకంలోంచి ఆయన పేరు తీసేశారు. ఇక్కడ తీయడానికి లేదు, అప్పగింత పత్రం లేదు కాబట్టి. బతికుండగా ఆయన్ని ఎవరూ అడగలేదు. పోయాక అడిగే వీలు లేదు. పక్కన ‘చీటీ అందింది’ అనే గడుల్లో పన్నెండు టిక్కులున్నాయి. అవి పెట్టింది తనే. గడి నిండిందా లేదా అనే చూసింది. చీటీ మీద ఏముందో చూడలేదు.

ల్యాబ్‌కి వెళ్లి అడిగింది. మాస్టారు పోయాక బావుల పరీక్ష ఎవరూ చేయలేదన్నారు. బయటి ల్యాబ్‌కి ఇచ్చారనుకున్నారట. నెలనెలా చీటీ ఫైల్లో చేరుతోందని విని అదే నిజమనుకున్నారట. అక్కణ్ణుంచి టపా గదికి వెళ్లింది. మొదటి మంగళవారం పొద్దున ఎనిమిదింటికి తాళం తీసేసరికే చీటీ ట్రేలో ఉంటుందని టపా గుమస్తా చెప్పాడు. ఎవరు పెడుతున్నారో ఎప్పుడూ చూడలేదన్నాడు. ముద్ర వెయ్యడమే తన పని, మొహాలు చూడటం కాదట.

ఎవరో ఆటలాడుతున్నారని మొదట అనుకుంది. కుర్చీలో కూర్చుని చీటీలు వరసగా పేర్చాక ఆ అనుమానం నిలబడలేదు. అబద్ధం రాసేవాడు ముప్ఫై ఎనిమిది రాస్తాడు. అరవై ఒకటి రాయడు.

మధ్యాహ్నం కంపెనీ సెక్రటరీ గదికి వెళ్లింది. సెక్రటరీ ఆమెకి పైఅధికారి, ఇరవై ఏళ్లుగా బోర్డు కాగితాలన్నీ చూసే మనిషి. ఫైలు పూర్తిగా చదివాడు. కంగారు పడలేదు.

“పోయిన మనిషి కొలత సాక్ష్యమవుతుందా?” అన్నాడు.

“అవదు సార్.”

“అంటే కొలతలు లేనట్టే. లేని కొలత పరిమితి ఎలా దాటుతుందమ్మా?”

ఆ లెక్కలో తప్పు లేదు. ఇంకెవరైనా అడిగితే ఆమె అయినా అదే చెప్పేది. పదిహేడో హామీని ఈ ఏడాది నివేదికలోంచి తీసేయమన్నాడు సెక్రటరీ. వచ్చే ఏడాది కృషి చేర్చి పెట్టమన్నాడు. లైను ఆగితే ఆరువందల మంది ఇంట్లో కూర్చుంటారని, గోటితో పోయేదానికి గొడ్డలెందుకని అన్నాడు. శుక్రవారం నివేదిక అచ్చుకి వెళ్తుంది. చివరి పేజీలో ఆమె సంతకం ఉండాలి: ఇందులోని ప్రతి మాటకీ సాక్ష్యం చూశాను అని.

సాయంత్రం నాలుగున్నరకి లాయరమ్మ వెనక వీధికి వెళ్లింది. నలభై ఇళ్లు. మూడో బావి మీద పంపు గది కట్టి, అక్కణ్ణుంచి కంపెనీయే ఈ వీధికి పైపు వేసింది. నలభై ఇళ్లకి ఉచితంగా తాగునీరు అన్నది ఇరవై రెండో హామీ. దాని కింద ఫొటో కూడా ఉంది, కుళాయి దగ్గర దోసిలి పట్టిన ఒక పిల్ల. మాస్టారి ఇల్లు వీధిలో ఆరోది. ఆయన భార్య తలుపు తీసింది. లాయరమ్మ పేరూ పనీ చెప్పుకుంది.

“ఏడాదిగా చూస్తున్నాను, ఎవరన్నా వస్తారని,” అంది ఆవిడ. “కూర్చోండమ్మా.”

ఆయన సంతకం ఉన్న పాత కాగితం ఏదైనా కావాలని అడిగింది లాయరమ్మ. ఆవిడ మనవరాలి బడి కార్డు తెచ్చింది. తాతగా సంతకం పెట్టాడు. కింద తేదీలో ఏడు అంకెకి నడుమ అడ్డగీత. చీటీల మీదా అదే గీత, అదే సంతకం.

తర్వాత ఆవిడ తలుపు వెనక నుంచి ఒక జత రబ్బరు బూట్లు తీసి ముందు పెట్టింది. ఆయన బావుల దగ్గరికి వేసుకెళ్లేవి. నెలకోసారి తడుస్తాయని చెప్పింది. మొదటి మంగళవారం పొద్దున లేచేసరికి లోపలా బయటా తడి. ఎండలో పెడితే ఆరతాయి. మళ్లీ నెలకి తడుస్తాయి.

“కప్పు కారుతోందేమో పిన్నిగారూ.”

“నేనూ అలాగే అనుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. బీరువాలోనూ తడిశాయి.”

“భయం వెయ్యలేదా?”

“ముప్ఫై ఏళ్లు ఆ బూట్లు తుడిచినదాన్ని, నాకు భయమేంటి. జాలేస్తుంది. బతికుండగా ఒక్క సెలవు పెట్టమంటే పెట్టలేదు. పోయాకైనా పెట్టొద్దూ?” ఆవిడ నవ్వింది. బూట్లు మళ్లీ జతగా సర్దింది. “ఆయన్ని వదిలిపెట్టండమ్మా. ఉద్యోగం మానేసినవాళ్లకి ఇక రానక్కర్లేదని కాగితం ఇస్తారు కదా. మాకు అన్ని కాగితాలూ వచ్చాయి. అదొక్కటి రాలేదు.”

మనవరాలు లోపలికి వచ్చింది. నివేదికలో ఫొటో ఈ పిల్లదే. నాయనమ్మ చెప్తే గ్లాసుతో నీళ్లు తెచ్చి లాయరమ్మ చేతికిచ్చింది. లాయరమ్మ గ్లాసు పట్టుకుని కూర్చుంది. చెప్పాలనుకుంది. చెప్తే కంపెనీ ఒప్పుకున్నట్టవుతుంది. పద్నాలుగేళ్లుగా ఆమె ఇతరులకి నేర్పిన మొదటి పాఠం అదే: ఒప్పుకోవద్దు. గ్లాసు కింద పెట్టి లేచింది.

ఆవిడ గ్లాసు వైపు చూసింది. గ్లాసు తీసుకెళ్లి నీళ్లు కాలవలో పారబోసింది. కుళాయి దగ్గరికి వెళ్తున్న మనవరాల్ని చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చింది.

మర్నాడే ఆ నెల మొదటి మంగళవారం. పంపు గదికి ఒకటే తాళంచెవి, ఆఫీసు బీరువాలో ఉంటుంది. సోమవారం సాయంత్రమే లాయరమ్మ దాన్ని సంతకం పెట్టి తీసుకుంది. పొద్దున ఆరూ నలభైకి వెనక గేటు కాపలాదారుని వెంటబెట్టుకుని పంపు గదికి వెళ్లింది. తలుపు చట్రానికి అడ్డంగా సాలెగూడు ఉంది, తెగలేదు. తాళం తుప్పు పట్టింది. నూనె పోస్తే గానీ తిరగలేదు.

“ఆ సాలీడుకీ ముందు నోటీసు పంపాలేమో మేడమ్,” అన్నాడు కాపలాదారు.

గదిలో నేలంతా చీలమండ లోతు నీళ్లు. గోడ నుంచి ఊరుతాయట. బల్ల మీద మూడు సీసాలు, ఒక చుక్కల గొట్టం. బల్ల మీద దుమ్ము ఉంది, సీసాల మీద లేదు. చీటీ ఏదీ లేదు. లాయరమ్మ సంచిలోంచి అప్పగింత పత్రం తీసింది. పదిహేడో హామీ అని పైన రాసుకొచ్చింది. పాత బాధ్యుడు, కొత్త బాధ్యుడు అనే రెండు గడులూ ఖాళీ. పత్రం బల్ల మీద పెట్టి, పైన కలం పెట్టింది. బయటికి వచ్చి తాళం వేసి చెవి గుప్పిట్లో పట్టుకుంది. టైము ఆరూ యాభై.

కాపలాదారు తన కూతురి పరీక్షల గురించి ఏదో చెబుతున్నాడు. మధ్యలో ఆపేశాడు. లోపల నీటి చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. చుక్కకీ చుక్కకీ మధ్య వ్యవధి ఒకేలా ఉంది. లాయరమ్మకి తెలియకుండానే పెదవులు కదిలాయి. పదకొండు దగ్గర ఆగింది. కొంతసేపు ఏమీ లేదు. మళ్లీ పదకొండు. మళ్లీ పదకొండు. ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదు.

కాపలాదారు గేటు వైపు చూశాడు. “నేను లోపలికి రానండీ,” అన్నాడు. “ఇక్కణ్ణుంచి బాగానే కనబడుతుంది.”

ఆమె తాళం తీసింది. మూడో సీసాలో నీళ్లు ఊదా రంగులోకి తిరిగి ఉన్నాయి. పక్కన చీటీ: ముప్ఫై తొమ్మిది, నలభై నాలుగు, అరవై నాలుగు. అప్పగింత పత్రం మీద పాత బాధ్యుడి గడిలో సంతకం ఉంది. వేలు పెడితే సిరా అంటింది. కొత్త బాధ్యుడి గడి ఖాళీగానే ఉంది.

తను చేయగలిగింది ఒకటే అనిపించింది. ఇంకో ఖాళీ సీసా తెచ్చి మూడో బావి నీళ్లు తనే తోడింది. సీలు వేసి, సాక్షిగా కాపలాదారు చేత సంతకం పెట్టించి, ఊళ్లో ఇంకో ల్యాబ్‌కి స్వయంగా ఇచ్చి వచ్చింది. చీటీ మీది అంకె వాళ్లకి చెప్పలేదు. గురువారం సాయంత్రం ఫలితం వచ్చింది. అరవై నాలుగు.

శుక్రవారం పదింటికి సెక్రటరీ గదిలో రెండు కాగితాలు పెట్టింది, ల్యాబ్ ఫలితమూ, అప్పగింత పత్రమూ. ఆయన రెండోదాన్నే ఎక్కువసేపు చూశాడు. సంతకం ఎలా వచ్చిందని అడగలేదు. ఆయనకి కావలసింది వేరే ఉంది.

“అయితే ఇప్పుడు పదిహేడో హామీ ఎవరి పేరునా లేదు. ఆయన వదిలేశాడు. కొత్తవాళ్లు లేరు. బాధ్యుడు లేని హామీని కొట్టెయ్యొచ్చు, నీ రూలే అది.”

నిజమే. మాస్టారి భార్య అడిగింది కూడా జరిగిపోయింది. ఇక బూట్లు తడవవు. నివేదికలో ఒక పేరా పోతుంది, చివర తన సంతకం ఉంటుంది. ల్యాబ్ ఫలితం తన పేరు మీద తీసుకున్నది, కంపెనీది కాదు. సొరుగులో పెట్టెయ్యొచ్చు. కొలిచేవాడూ ఉండడు, చీటీలూ రావు. వీధికి నీళ్లు మాత్రం వెళ్తూనే ఉంటాయి.

ఆమె రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. కొత్త బాధ్యుడి గడిలో తన పేరు రాసింది.

సెక్రటరీ కళ్లద్దాలు తీశాడు. “ఆలోచించే రాశావా? రేపు నీ ఉద్యోగం పోయినా ఈ గడిలోంచి నీ పేరు పోదు. పోయాక కూడా...” అని ఆగి, అప్పగింత పత్రం వైపు చూశాడు.

“తెలుసు సార్. రూలు రాసింది నేనే కదా.”

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లో చెల్లెలికి చెప్పినట్టు అన్నాడు. “కనీసం గడువైనా రాసుకో. ఒక తేదీ. ఆ తర్వాత నువ్వు బయటపడతావు.”

మిగతా నలభై రెండు హామీలకీ గడువు ఉంది. ఈ గడి ఒక్కటే ఆరేళ్లుగా ఖాళీ. ఈ హామీ రాసుకున్న రోజు సమావేశంలో మాస్టారిని ఆమే అడిగింది, ఎప్పటిదాకా అని. తేదీ ఎందుకమ్మా, నీళ్లు తాగడం వాళ్లు ఏ తేదీకి ఆపుతారు అన్నాడాయన. అందరూ నవ్వారు. నవ్వులో గడి నింపడం మర్చిపోయారు. తర్వాత ఆమె కంటికీ ఆనలేదు.

ఖాళీ గడి ఉండకూడదు. ఆమె అందులో “లేదు” అని రాసింది.

ఆ తర్వాత నిలుపుదల నోటీసు రాసింది. నాలుగు వాక్యాలు. కృషి అనే మాట ఎక్కడా లేదు. నాలుగింటికి పూత లైను ఆగింది. అయిదింటికి ఆమె నలభై ఇళ్ల తలుపులూ వరసగా తట్టి చెప్పింది. ఆరో ఇంటి దగ్గర మాస్టారి భార్య తమకి తెలుసంది, మిగతా ఇళ్లకి వెళ్లమంది. ఆ వారం నివేదిక అచ్చుకి వెళ్లలేదు. సోమవారం కంపెనీవాళ్లు లాయరమ్మ గేటు కార్డు తీసుకుని, విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నారు. నోటీసుని వెనక్కి తీసుకోవడం మాత్రం వాళ్ల వల్ల కాలేదు. దాన్ని వెనక్కి తీసుకోవాలన్నా బాధ్యుడి సంతకం కావాలి.

తర్వాతి నెల మొదటి మంగళవారం పొద్దున ఆరున్నరకి ఫోన్ మోగింది. మాస్టారి భార్య. బూట్లు పొడిగా ఉన్నాయని చెప్పింది. రెండుసార్లు చెయ్యి పెట్టి చూశానంది. ఆరోగ్యం జాగ్రత్తమ్మా అని పెట్టేసింది.

లాయరమ్మ టీ పెట్టింది. గేటు కార్డు లేదు కాబట్టి పంపు గదికి ఎలా వెళ్లాలా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తోంది. కాపలాదారుని బతిమాలాలా, తనిఖీ అధికారికి రాయాలా అన్నది తేలలేదు. పాలకని తలుపు తీసిన భర్త గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పొద్దున్నే ఎక్కడికెళ్లొచ్చావు?”

“ఎక్కడికీ లేదు. ఇప్పుడే లేచాను.”

“మరి నీ బూట్లేంటి, ఇలా కారుతున్నాయి? వాన కూడా లేదు.”

ఆమె వచ్చి చూసింది. ఆఫీసుకి వేసుకునే నల్ల బూట్లు. చీలమండ దాకా తడి. గుమ్మం మెట్టు మీద నీళ్లు నిలిచాయి. భర్త వేళాకోళానికి ఇంకేదో అనబోయి, ఆమె మొహం చూసి పాల ప్యాకెట్లతో లోపలికి వెళ్లిపోయాడు.

ఎనిమిదీ అయిదుకి మళ్లీ ఫోన్ మోగింది. టపా గుమస్తా.

“మేడమ్, చీటీ వచ్చింది. ట్రేలో ఉంది.” అన్నాడు. “ఈసారి మీ సంతకం ఉందండీ. ముద్ర వెయ్యనా?”

“మూడో బావి ఎంతుంది?”

కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. “అరవై అండీ.”

నెల కిందట అరవై నాలుగు.

“వెయ్యండి,” అంది లాయరమ్మ. ఫోన్ పెట్టేసి బూట్లు తీసుకెళ్లి ఎండలో పెట్టింది.